మా వదిన యజమానురాలైన వైనం

కార్మికుల్ని కాల్చుకుతినే మేనేజర్ల యుగం నేటితో సమాప్తమని పరిశ్రమల మంత్రిగారు మా అట్టపెట్టెల ఫ్యాక్టరీ ఆవరణలో ప్రకటించారు. "మేనేజర్ని మారిస్తే ఇంకో మేనేజరు వస్తాడు. అందుకే ఓనర్నే మార్చేశాం! తలా ఒక షేరు. ఇక మీరే యజమానులు!" అన్నారు. ఇలాంటి ఆలోచన మామూలు బుర్రలకు తట్టదు. గేటు వాచ్‌మన్‌నైన నేను కాంట్రాక్టువాణ్ణి కాబట్టి నాకు షేరు రాలేదు. అయినా చప్పట్లు కొట్టాను. మేనేజరుగారు నాకంటే గట్టిగా కొట్టారు.

మా వదిన అట్టలు కోసే మెషీన్ మీద పనిచేస్తుంది. బ్లేడుకు అడ్డుగా ఉండే ఇనప జాలీ వల్ల పని నెమ్మదిస్తోందని మేనేజరుగారు దాన్ని ఎప్పుడో పీకించారు. అప్పట్నుంచి ఆవిడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే అట్టలు కోస్తోంది. యజమానురాలైంది కదా, మర్నాడే ఆయన గదిలోకి వెళ్ళింది.

మేనేజరుగారు లేచి కుర్చీ చూపించారు.

"సార్, ఆ జాలీ మళ్ళీ బిగించండి."

"సార్ ఏమిటమ్మా! మీరు ఓనరు, నేను జీతగాణ్ణి. బిగిస్తే పెట్టెలు తగ్గుతాయి. నష్టం ఎవరికి? మీకు! మీరు నష్టపోతుంటే నేను చూస్తూ ఊరుకుంటానా?"

వదిన వచ్చిన దారినే మెషీన్ దగ్గరికి వెళ్ళింది.

ఆ వారమే ఓవర్‌టైమ్ డబ్బులు ఎత్తేశారు. ఓనరు ఓనరుకే కూలి ఇచ్చుకోవడం అసహ్యంగా ఉంటుందట. సమ్మె చేస్తామన్నారు కార్మికులు. "ఎవరి మీదండీ? అద్దం ముందు నిలబడి నినాదాలిస్తారా?" అని మేనేజరుగారు ఆప్యాయంగా అడిగారు.

ఆఖరికి యజమానులంతా మీటింగు పెట్టి, మేనేజర్ని తీసెయ్యాలని చేతులెత్తారు. వద్దని ఒకే ఒక్క చెయ్యి లేచింది. అది మంత్రిగారి బావమరిదిది. పంచగా మిగిలిన షేర్లన్నీ ఆయనవే కాబట్టి ప్రజాస్వామ్యబద్ధంగా ఆయన చెయ్యే గెలిచింది. సిగ్గులేని జన్మలు అని నేను అనలేదు, వాచ్‌మన్లు అలా అనకూడదు.

మర్నాడు మెషీన్ మా వదిన కుడిచేతి వేళ్ళు రెండు తీసుకుంది.

ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుగారు నిప్పులాంటి మనిషి. మేనేజర్ని వెంటబెట్టుకుని నేరుగా ఆసుపత్రికే వచ్చారు.

"జాలీ లేకుండా పనిచేయించిన యజమానిని వదిలేది లేదు! ప్రమాదం జరిగినప్పుడు అక్కడున్న యజమాని ఎవరు?"

మేనేజరుగారు వినయంగా మంచం వైపు చూపించారు.

ఇన్‌స్పెక్టరుగారు కేసు కాగితం వదిన ముందు పెట్టి సంతకం చెయ్యమన్నారు. వదిన కట్టు కట్టిన చెయ్యి పైకెత్తింది.

"పర్లేదమ్మా, వేలిముద్ర చాలు. ఇంకా మిగిలాయి కదా" అన్నారాయన.