మేనేజరుగారి ఆదితాళం

శనివారం ఉదయం నరసింగరావు పెట్టుకున్న పనులు మూడే. విజయనగరం నుంచి పాసింజరులో వచ్చే ఇద్దరు కళాకారుల కోసం గరివిడి స్టేషనుకి బండి పంపాలి. క్లబ్బు హాల్లో పేకాట బల్లలు తీయించి జంపఖానాలు పరిపించాలి. మేనేజరుగారిని కచేరీకి పిలవాలి. మొదటి రెండూ ఎనిమిదింటికల్లా అయిపోయాయి.

నరసింగరావు గరివిడి అవతలి జూట్ మిల్లులో హెడ్ క్లర్కు, మిల్లు క్లబ్బుకి కార్యదర్శి. ఆరు నెలలుగా ఆయన కోరిక ఒకటే. నెలకొక శనివారం హాలు తనకివ్వాలి. విజయనగరంలో సంగీతం నేర్చుకుని ఇంకా పేరు రాని పిల్లల చేత అక్కడ కచేరీలు చేయించాలి. స్టోర్ కీపరు అప్పలనరసింహం మాత్రం హాలు పేకాటకే ఉండాలన్నాడు. 1968 జనవరిలో కొత్తగా వచ్చిన మేనేజరు గణపతిరావు ఇద్దరి అర్జీలూ చదివి, "ఒక కచేరీ చూసి చెప్తాను" అన్నాడు. ఆ ఒక కచేరీ ఇవాళ సాయంత్రమే.

గణపతిరావు ఇరవై ఏళ్ళు మగ్గాల మధ్య నిలబడి మేనేజరైన మనిషి. సంగీతం వినడానికి ఆయనకి తీరిక దొరకలేదు. తెలియని పనికి జంకడు గాని, అది ఎలా చెయ్యాలో ముందు కాగితం మీద ఉండాలంటాడు.

"వస్తాను సరే. ముందు వరసలో కూర్చుని నేను చెయ్యాల్సిందేమిటి?" అన్నాడు, పిలవడానికి తన గదికి వచ్చిన నరసింగరావుతో.

"వింటే చాలండి."

"రెండు గంటలు ఊరికే కూర్చోవడమా? వెనకాల మనవాళ్ళంతా చూస్తుంటారు కదయ్యా."

నరసింగరావు కాస్త ఆలోచించాడు. "పోనీ, తొడ మీద తాళం వెయ్యండి. ఒక దెబ్బ. తరవాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. మళ్ళీ దెబ్బ, అరచెయ్యి తిప్పు. దెబ్బ, తిప్పు. మొత్తం ఎనిమిది. ఆదితాళం అంటారండి."

గణపతిరావు రాసుకున్నాడు. బల్ల మీద వేసి చూసుకున్నాడు. మూడోసారికి వేలు తప్పలేదు. తాళాలు ఇంకా చాలా ఉన్నాయని చెప్పవలసింది అప్పుడే. మేనేజరంతటి వాడు తన ముందు వేళ్ళు లెక్కపెడుతున్నాడన్న సంతోషంలో నరసింగరావుకి ఆ మాట తోచలేదు.

పదింటికి మేనేజరు గదిలోంచి కాగితం వచ్చింది. కచేరీకి వచ్చే సిబ్బంది యావన్మందీ తాళం వెయ్యవలెను, పద్ధతి ఈ దిగువ ఇవ్వబడినది. దిగువన ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు, వాటికెదురుగా వేళ్ళు. సర్క్యులరు టైపు చేయించి పంపవలసింది హెడ్ క్లర్కే. పంపాడు. పైగా మురిసిపోయాడు. ఏ ఊళ్ళో అయినా హాలు నింపడమే కష్టం. ఇక్కడ నిండడమే కాకుండా తాళం కూడా వేస్తుంది.

నారలు వడికే దగ్గర పనిచేసే జగ్గమ్మ సర్క్యులరు చదివించుకుని ఆఫీసుకే వచ్చేసింది.

"ఏటి బాబూ, తాళం ఎయ్యకపోతే ఆబ్సెంటు ఏస్తారేటి?"

"అదేం లేదమ్మా. నీ ఇష్టం."

"ఇష్టమైతే కాయితం ఎందుకంపేరు? సరే, ఏ ఏలు ముందో సెప్పు."

మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకి గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా తొడలు కొట్టుకుంటున్నారు. అప్పలనరసింహం అది చూసి నరసింగరావు బల్ల దగ్గరికి వచ్చాడు. "పాట ఇనిపిస్తావనుకున్నాను బావా. డ్రిల్లు పెట్టేవేటి?" అన్నాడు.

సాయంత్రం ఆరింటికి హాల్లో రెండు వందల మంది కూర్చున్నారు. వేదిక మీద వయొలిన్‌తో త్రిపురసుందరి, పందొమ్మిదేళ్ళ పిల్ల. మూడు తరాలుగా గుడిలో సంగీత సేవ చేసిన ఇల్లు వాళ్ళది. పదకొండేళ్ళుగా వాయిస్తోంది గాని, ముఖపరిచయం లేని మనుషుల ముందు వాయించడం ఇదే మొదలు. మృదంగం కూర్మయ్యది. అతను ఆమెకంటే ఏడాది చిన్న, చీపురుపల్లి దగ్గరి రైతు కొడుకు. నరసింగరావు హాలు వెనక, తలుపు దగ్గర, మైకు పెట్టె పక్కన నిలబడ్డాడు.

మొదట ఆదితాళంలో వర్ణం. గణపతిరావు చెయ్యి లేచింది. దాని వెనకే రెండు వందల చేతులు లేచి ఒక్కసారి పడ్డాయి. కూర్మయ్య ఉలిక్కిపడి, తరవాత నవ్వాడు. ఇంతమంది తాళం వేసే సభ వాళ్ళ గురువులకి కూడా దొరికి ఉండదు. త్రిపురసుందరి కమాను ఒక్క లాగుడులో నాలుగు స్వరాలు పలికి ఐదోదాని మీద నిలిచింది. ఆమె కమాను ఎత్తాక కూడా ఆ స్వరం హాల్లో ఉంది. జగ్గమ్మ వేళ్ళు లెక్కపెడుతూనే నోరు తెరుచుకుని వింటోంది. నెలకొక శనివారం చేతికి వచ్చినట్టేనని నరసింగరావు అనుకున్నాడు.

రెండోది రూపకతాళంలో కృతి. రూపకం ఆరు. హాలు ఎనిమిది.

మొదటి దెబ్బ అందరిదీ కలిసింది. ఐదో లెక్కకి దెబ్బ పడకూడదు. పడింది, రెండు వందల చేతులతో పడింది. ఆరయ్యాక త్రిపురసుందరి తిరిగి మొదటికి వచ్చింది. హాలు ఎనిమిదీ పూర్తి చేసుకునే వచ్చింది. సర్క్యులరులో అలాగే ఉంది మరి. కూర్మయ్య చెయ్యి ఒకచోట తడబడింది. త్రిపురసుందరి అతనికేసి చూసి, కళ్ళు మూసుకుని, వాయిస్తూ పోయింది.

"ఏటి బావా, ముఖం అలా అయిపోయిందేం?" అన్నాడు పక్కనే నిలబడ్డ అప్పలనరసింహం.

నరసింగరావు గబగబా చీటీ రాశాడు. "అమ్మా, ఇకమీద అన్నీ ఆదిలోనే వాయించండి. మా మేనేజరుగారికి అదొక్కటే వచ్చు. హాలంతా ఆయన వెంట పోతోంది." ముందు కూర్చున్నవాడికి ఇచ్చి వేదిక చూపించాడు. కుడి చేతులు తాళంలో ఉన్నాయి గనక చీటీ ఎడమ చేతుల మీదుగా నడిచింది. ముందు వరస దాకా వచ్చాక ఆగింది. ఆ మిల్లులో ఏ కాగితమైనా మేనేజరు చూడకుండా పైకి పోదు. గణపతిరావు ఎడమ చేత్తో విప్పి చదివాడు. కుడి చెయ్యి ఆగలేదు. రోజుకి నలభైసార్లు చూసే చేతిరాత అది. చీటీ జేబులో పెట్టుకుని, వెనక్కి తిరిగి, తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని చూశాడు.

నరసింగరావు గోడ వారగా ముందుకి నడిచాడు. వెళ్ళి ఏం చేస్తాడో ఆయనకే తెలియదు. వేదిక మెట్ల దగ్గరికి చేరేసరికి కూర్మయ్య చేతులు ఆపకుండానే పక్కకి వంగి త్రిపురసుందరికి చెబుతున్నాడు.

"అప్పా, ఆ పెద్దాయన తాళం తప్పు గానీ లయ తప్పట్లేదు. ఎనిమిది మూళ్ళు, ఆరు నాలుగులు. ఇరవై నాలుక్కొకసారి మనతో కలుస్తాడు."

"అయితే అక్కడే దిగుదాం," అంది త్రిపురసుందరి.

అప్పటికప్పుడు స్వరాలు అల్లుతూ స్వరకల్పన మొదలుపెట్టింది. స్వరాలు ఆరులో నడుస్తున్నాయి, హాలు ఎనిమిదిలో నడుస్తోంది. ఇరవై నాలుగు దాటి ఇరవై ఐదోదాని మీద కమాను దిగింది, మృదంగం దిగింది, రెండు వందల చేతులు దిగాయి. కిటికీ తలుపులు కదిలాయి. ఎందుకు కలిసిందో హాల్లో ఎవరికీ తెలియదు, కలిసిందని మాత్రం అందరికీ తెలిసింది. రెండోసారి ఆమె ఇంకా దూరం వెళ్ళి, నలభై ఎనిమిది తిరిగి వచ్చింది. మూడోసారి కూర్మయ్య ముక్తాయింపు అల్లుతుంటే జనం ముందుకి వంగి ఆ చోటు కోసం కాచుకున్నారు. అప్పలనరసింహం కూడా వంగాడు. నరసింగరావు మెట్టు మీద కూర్చుని విన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా కచేరీలు వింటున్నాడు. వినేవాళ్ళ తప్పుని లెక్కలోకి తీసుకుని వాయించినవాళ్ళని ఆయన అంతవరకు చూడలేదు.

కచేరీ అయ్యాక గణపతిరావు లేచి చీటీ తీశాడు. నరసింగరావు చేతులు కట్టుకున్నాడు.

"నాకు ఒక్క తాళమే వచ్చని ఇందులో ఉంది. నిజమే," అని ఆయన వేదిక వైపు తిరిగాడు. "మరి తప్పినవాణ్ణి మీతో మళ్ళీ మళ్ళీ ఎలా కలిశానయ్యా?"

కూర్మయ్య నిలబడ్డాడు. "మీరు తప్పేరు గానీ ఆగలేదండి. ఆగకుండా తప్పితే లెక్క కట్టొచ్చండి."

గణపతిరావు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మా మగ్గాల దగ్గర ఇంత లెక్క తెలిసినవాడు ఒక్కడూ లేడు," అన్నాడు. తరవాత వెనక్కి తిరిగాడు. "స్టోర్ కీపరుగారూ, నెలకొక శనివారం మీ పేకలు ఇంటిదగ్గర ఆడుకోండి."

"ఆ శనివారాలు నేనూ ఇక్కడికే వస్తానండి," అన్నాడు అప్పలనరసింహం.

గణపతిరావు నరసింగరావు భుజం మీద చెయ్యి వేశాడు.

"వచ్చే నెల నాట్యం పెట్టండి. సోమవారం పొద్దున్నే వచ్చి అడుగులు ఎలా వెయ్యాలో నాకు చెప్పండి. సర్క్యులరు సంగతి నేను చూసుకుంటాను."

సోమవారం నరసింగరావు సెలవు పెట్టాడు.