సంతృప్తికరమైన క్షీణత

అంతిమ దశలో ఉన్న రోగులకు ఇంటివద్ద అందించే ఉపశమన సేవలకు ప్రభుత్వం ఈ ఏడాది కొత్త రోజువారీ రేట్లు ఖరారు చేసిందని ప్రజలకు, ముఖ్యంగా త్వరలో పోబోయే ప్రజలకు, తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఉత్తర్వు నూట పన్నెండు పేజీలు. అవసరం పడి అది మొదటినుంచి చివరిదాకా చదివిన గృహిణిని బహుశా నేనొక్కదాన్నే. డిగ్రీలో అర్థశాస్త్రం చదివాను. ఆ చదువు ఇంతకాలానికి ఇలా అక్కరకొచ్చింది.

సారాంశం ఇది. మొదటి అరవై రోజులూ ప్రభుత్వం సేవా సంస్థకు పూర్తి రేటు చెల్లిస్తుంది. అరవై ఒకటో రోజునుంచి తగ్గిస్తుంది, అప్పటికి రోగికి పోవడం కాస్త అలవాటై ఉంటుంది కనుక. చివరి ఏడు రోజులకు రేటు మళ్లీ పెరుగుతుంది. ఏవి చివరి ఏడు రోజులో సంస్థ ముందుగా రాతపూర్వకంగా తెలపాలి. తెలిపాక ఎనిమిదో రోజున కూడా రోగి కనిపిస్తే సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆ సంజాయిషీ ఇవ్వాల్సింది సంస్థా, రోగా అన్నది ఒక కమిటీ పరిశీలిస్తోంది.

అన్నిటికన్నా గొప్పది తొమ్మిదో నిబంధన. రోగిలో 'సంతృప్తికరమైన క్షీణత' కనిపించినంత కాలమే ఏ రేటైనా వర్తిస్తుంది. దాన్ని కొలవడానికి నెలకోసారి ఒక అధికారి కాటా పట్టుకుని ఇంటికొస్తాడు. బరువు తగ్గితే రోగి నిజాయితీపరుడు. పెరిగితే బతుకుతున్నాడన్నమాట.

మా అత్తగారికి ఎముకల్లోకి పాకిన క్యాన్సర్. ఇక చేసేదేమీ లేదని ఆసుపత్రి వాళ్లు ఇంటికి పంపేశారు. మొదట్లో నొప్పికి పళ్లు బిగబట్టి, గోడవైపు తిరిగి పడుకునేవారు. సంస్థ నర్సు వారానికి మూడుసార్లు వచ్చి చుక్కల మందు వేయడం మొదలుపెట్టాక మావైపు తిరిగారు. తిరిగాక అన్న మొదటి మాట, "ఆ కిటికీ తెర ఉతికి ఎన్నాళ్లయిందే?" మందు పనిచేస్తోందని ఇంటిల్లిపాదికీ అర్థమైంది.

ఆ మందు దుకాణాల్లో దొరకదు. నర్సే తేవాలి. నర్సు రావాలంటే రేటు రావాలి. రేటు రావాలంటే అత్తగారు తగ్గాలి. అత్తగారేమో, నొప్పి లేదు కదా అని తినడం మొదలుపెట్టారు. పైగా నేను వంట బాగా చేస్తానని నలుగురిలో పేరు పడ్డదాన్ని. ఆ పేరు నేనే పెట్టుకున్నానని గిట్టనివాళ్లు అంటారు.

"రేపు కాటా ఆఫీసరు వస్తాడక్కా," అంది నర్సు దిగులుగా. "పెద్దమ్మగారు పోయిన నెలకన్నా బాగున్నారు. అదే భయంగా ఉంది."

"భయమెందుకే?" అన్నారు అత్తగారు మంచంమీంచి. "నేను మూలుగుతాగా. మా ఆడపడుచులు దిగినప్పుడల్లా తలనొప్పని ముసుగు తన్నినదాన్ని, నాకు ఒకళ్లు నేర్పాలా? ఇదిగో అమ్మాయ్, నువ్వు మాత్రం నోరు మెదపకు. ఏం అడిగినా 'ఏమీ తినట్లేదండీ' అను."

మా ఆయన ఏ విషయంలోనూ అభిప్రాయం లేని మనిషి. ఈ విషయంలో కూడా పేపరు చదువుకున్నారు.

మర్నాడు అత్తగారి మూలుగు అద్భుతంగా కుదిరింది. వీధిలో పోయేవాళ్లు ఆగి విన్నారు. కాటా మాత్రం నాలుగు వందల గ్రాములు ఎక్కువ చూపింది. ఆఫీసరు చెడ్డవాడు కాదు. దారి ఆయనే చూపించాడు.

"ఒంటికి నీరు పట్టి ఉంటుంది, అలాగే రాస్తాను. తిండి ఏమీ తినట్లేదు కదమ్మా? పాపం, నోటికి రుచిగా వండిపెట్టే దిక్కు లేకపోతే ఎవరు మాత్రం ఏం తింటారు?"

నేను ఊరుకోవలసింది. నూట పన్నెండు పేజీలు చదివినదాన్ని కదా.

"దిక్కు లేకపోవడమేమిటండీ? నిన్న నా చేతి కూరతో ఐదు ముద్దలు తిన్నారు. ఇంకోటి అడిగి మరీ తిన్నారు."

మూలుగు ఠక్కున ఆగింది. అత్తగారు ఒక కన్ను తెరిచి నన్ను చూశారు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆవిడ నన్ను చాలా రకాలుగా చూశారు. ఈ రకం కొత్తది.

ఆఫీసరు లేచి నిలబడి చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. "అభినందనలమ్మా. మీలాంటి కోడళ్లవల్లే ప్రభుత్వానికి భారం తగ్గుతోంది. అంతిమ దశనుంచి కోలుకున్న తొలి పౌరురాలు మన వార్డులో ఉండటం మనందరికీ గర్వకారణం." ఒక ప్రశంసాపత్రం ఇచ్చాడు. మందుసీసా వెనక్కి తీసుకుని, రసీదు కూడా ఇచ్చాడు.

క్యాన్సర్ ఆ పత్రాన్ని పట్టించుకోలేదు. మూడోరోజుకల్లా అత్తగారు గోడవైపు తిరిగారు. ఈసారి మూలుగు వీధిలోకి వినబడేంత బాగా లేదు. సన్నగా, లోపల్లోపలే. ముద్ద తీసుకెళితే పెదవులు బిగించేవారు. ఆ పళ్లెం నేనే తెచ్చుకుని వంటింట్లో నిలబడి తినేదాన్ని. కూర రుచిగానే ఉండేది.

పంతొమ్మిదో రోజున మళ్లీ దరఖాస్తు పెట్టాం. మూడు కిలోలు తగ్గారు. ఆఫీసరు ముఖం విప్పారింది. "ఇప్పుడు నిబంధనలకు అతికినట్టు సరిపోయారు," అన్నాడు. కొత్త కేసు కాబట్టి పూర్తి రేటుతో అరవై రోజులు మొదటినుంచి మొదలు. సంస్థకు ఆనందం, ప్రభుత్వానికి ఆనందం. నర్సు వచ్చి చుక్కలు వేసింది. రెండు రోజులకు అత్తగారు ఇటు తిరిగారు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నేను ప్రభుత్వంతో పూర్తిగా సహకరిస్తున్నాను. పూటకు మూడు ముద్దలు, అంతే. నిన్న మధ్యాహ్నం మూడూ అయ్యాక అత్తగారు, "ఇంకోటి పెట్టవే, కూర బాగుంది," అన్నారు. నా కూర బాగుందని ఆవిడ అనడం పెళ్లయ్యాక అదే మొదలు. గిన్నెలో అన్నం ఉంది, కూర ఉంది.

"అయిపోయిందత్తయ్యా," అన్నాను.

ఆవిడ గిన్నెకేసి చూశారు, నాకేసి చూశారు. "కాటా ఎప్పుడు?" అన్నారు.

"మంగళవారం."

"అయితే బుధవారం పెట్టు," అని కళ్లు మూసుకున్నారు.

ఇది చదివి నన్ను తిట్టుకునేవాళ్లు తిట్టుకోవచ్చు, అర్హురాలినే. కాకపోతే ఒక్క సంగతి. ఈ రేట్లు, ఈ నిబంధనలు ఖాయం చేసేముందు, అభ్యంతరాలుంటే చెప్పమని ప్రభుత్వం పోయినేడు ప్రజలకు అరవై రోజులు గడువిచ్చింది. పేపర్లో వేశారు. ఒక్క అభ్యంతరం కూడా రాలేదట. ఆ ప్రకటన నేనూ చూశాను. మా ఇంట్లో ఎవరూ పోవడం లేదు కదా అని వంటల పేజీకి తిప్పేశాను. మీరు ఏ పేజీకి తిప్పారు?