క్యాప్సూల్ ముందు చెప్పుల జత

ఆ ఉదయం యేసయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. మిర్యాలగూడలోని తన వెల్డింగ్ షెడ్డు నుంచి క్యాప్సూల్‌ను లారీ ఎక్కించాలి, ఇంటికెళ్లి స్నానం చేయాలి, భార్య ఎస్తేరు చేసిన ఉప్మా తిని సాయంత్రం దాకా పడుకోవాలి. లారీ అయితే వెళ్లింది. ఉప్మా దగ్గరికి మాత్రం ఆయన పోలేకపోయాడు.

యేసయ్య ఇరవై రెండేళ్లుగా రైస్ మిల్లులకు వడ్లు ఉడకబెట్టే ఇనుప ట్యాంకులు చేస్తున్నాడు. హైదరాబాదులో ఒక కంపెనీ మనుషుల్ని చంద్రుడి దాకా మోసుకెళ్లే భారీ రాకెట్ తయారుచేస్తోంది. దాని కొసన మనుషులు కూర్చునే గదినే క్యాప్సూల్ అంటారు. అది తిరిగొచ్చి నీళ్లలో పడితే తేలుతుందో మునుగుతుందో చూడటానికి ముందుగా ఇనుముతో ఒకటి చేసిమ్మన్నారు. బోర్లించిన మిల్లు ట్యాంకులా ఉంది కదా అని యేసయ్య ఒప్పుకున్నాడు. రెండు పొరల గోడలు, ఒక గుండ్రటి తలుపు, దానికి నలభై ఎనిమిది బోల్టులు. లోపల మూడు కుర్చీలు, మనుషుల బరువు కోసం వాటిలో మూడు బియ్యం బస్తాలు.

మిల్లుల్లో ఒక కట్టుబాటు ఉంది. ట్యాంకు కడగడానికి దిగే మనిషి మూత ముందు చెప్పులు విడిచి దిగుతాడు. చెప్పులు బయట ఉన్నంతసేపు ఎవరూ మూత వేయరు, ఆవిరి వదలరు. ఇది ఏ కాగితం మీదా రాసి లేదు గానీ, ఎందరి ప్రాణాలనో కాపాడింది.

లారీ వెళ్లిన గంటకు యేసయ్య షెడ్డు సర్దుతూ కింద పడి ఉన్న టార్పాలిన్ పట్టా ఎత్తాడు. క్యాప్సూల్ తలుపు ఉన్న చోట, ఆ పట్టా కింద, ఒక చెప్పుల జత కనిపించింది. నీలం పట్టీలు, ఎడమదానికి పిన్నీసు. అవి సురేందర్‌వి. సురేందర్ ఎస్తేరుకు ఒక్కగానొక్క తమ్ముడు, యేసయ్య దగ్గరే పని. పొద్దున బస్తాలు కట్టడానికి క్యాప్సూల్‌లోకి దిగినవాడు వాడే. ఆ తర్వాత నలభై ఎనిమిది బోల్టులూ బిగించింది యేసయ్యే.

సురేందర్‌కు ఫోన్ చేస్తే స్విచాఫ్. లారీ డ్రైవర్ సోమ్లా బండి నడిపేటప్పుడు ఫోన్ ముట్టడు. కంపెనీ ఇంజనీరు అమూల్య ఫోను కూడా స్విచాఫే. మధ్యాహ్నం రెండింటికి కోదాడ అవతల పాత క్వారీ నీళ్లలోకి ఆ క్యాప్సూల్‌ను క్రేనుతో ఎత్తి వదిలేస్తారు. అప్పుడు పదకొండున్నర.

"ప్రభువా, బామ్మర్దిని డబ్బాల పెట్టి బిగించిన గదా!" అంటూ యేసయ్య బైకు తీశాడు. ఇంతలో ఎస్తేరు ఫోను.

"ఏమయ్యా, తమ్ముడేడి? ఫోన్ ఎత్తుతలేడు."

"లారీ తోని పోయిండు."

"ముందట కూసున్నడా? ఎనక కూసుంటే ఆనికి వాంతులైతయి. జర కిటికీ కాడ కూసోబెట్టినవా లేదా?"

ఆ క్యాప్సూల్‌కు కిటికీ లేదు. కంపెనీవాళ్లు ఒకటి పెడదామంటే, నీళ్లు కారతాయని వద్దన్నది ఆయనే. "కూసోబెట్టిన," అని ఫోన్ పెట్టేశాడు.

అంత వెడల్పు లోడు హుజూర్‌నగర్ రోడ్డున పోదని లారీ సూర్యాపేట చుట్టూ తిరిగి వెళ్తోంది. యేసయ్య దాని వెంటే పడ్డాడు. సూర్యాపేటలో లారీలు ఆగే హోటల్ దగ్గర దిగి అడిగితే, గల్లా మీద కూర్చున్న నాగయ్య తాపీగా చెప్పాడు.

"పోయి అరగంటైంది. డ్రైవర్ పరేషాన్ల ఉన్నడు. గుంతల పడ్డప్పుడల్లా లోపల నుంచి ఎవలో తలుపు కొట్టినట్టు సప్పుడైతుందంట."

యేసయ్యకు ఏడుపొచ్చేసింది. బిడ్డ బతికే ఉన్నాడు, కొడుతున్నాడు! మంచినీళ్లయినా తాగకుండా హైవే ఎక్కాడు. దారి పొడుగునా ఎస్తేరు మొహమే కళ్లముందు. మునగాల దాటేటప్పుడు ఒక మొక్కు మొక్కుకున్నాడు: వాడు ప్రాణాలతో దొరికితే చాలు, ఇక ఈ జన్మలో ఎస్తేరుకు అబద్ధం చెప్పను.

క్వారీ చేరేసరికి రెండుకు పావుగంట తక్కువ. అందరూ దూరంగా టెంటులో అన్నాలు తింటున్నారు. నీళ్ల ఒడ్డున క్యాప్సూల్, దాని తలుపు తెరిచే ఉంది. లోపలి మిషన్లు ఆన్ చేయడానికి తెరిచినట్టున్నారు. యేసయ్య పరుగున వెళ్లాడు. అంత భయంలోనూ ఇరవై రెండేళ్ల అలవాటు పోతుందా? తలుపు ముందు చెప్పులు విడిచి లోపలికి దూరాడు.

లోపల చీకటి. మూడు కుర్చీల్లో నారింజ రంగు బట్టల్లో ముగ్గురు. నడిమివాడు తల వాల్చేశాడు.

"సురేందరూ! నీ కాళ్లు మొక్కుత, లేవురా!" అని పట్టి కుదిపాడు. ఒళ్లో బియ్యం రాలాయి. కంపెనీవాళ్లు బస్తాలకు బట్టలు తొడిగారు. కుర్చీల వెనక వెతికితే పొద్దున తను మరిచిపోయిన సుత్తి దొరికింది. గుంతల్లో దొర్లి తలుపు కొట్టింది అదే. సురేందర్ లేడు. యేసయ్య కింద కూలబడి, అమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి వదిలేలోపే వెలుతురు పోయింది.

బోల్టులు బిగుస్తున్నాయి. ఎవరో గానీ మంచి పనివాడు, ఒక్కటీ వదలడం లేదు. యేసయ్య అరిచాడు, సుత్తితో బాదాడు. రెండు పొరల ఇనుప గోడ, ఫోనుకు సిగ్నల్ లేదు, బయట క్రేను మోత. తన పనితనం మీద తనకే కడుపు మండిపోయింది. నేల ఊగింది, పైకి లేచింది, కాసేపు ఆగింది. తర్వాత ఒక్కసారిగా కింద నేలే లేకుండా పోయింది. యేసయ్య నడిమి బస్తాను గట్టిగా కావలించుకుని, తెలిసిన ప్రార్థనలన్నీ కలగాపులగంగా చదివాడు. దబ్బుమన్న మోత. క్యాప్సూల్ మునిగి, లేచి, తేలింది. చుక్క నీరు కారలేదు.

ఒడ్డుకు లాగి తలుపు తీశారు. మొదట కనిపించిన తల సురేందర్‌ది.

"బావా! నువ్వు గీడేం చేస్తున్నవ్?"

"నిన్నే ఎతుకుతున్నరా! నీ చెప్పులు షెడ్డుల ఉన్నయి గదరా!"

సురేందర్ కాలు ఎత్తి చూపించాడు. నల్లటి కొత్త బూట్లు. "బోల్టులు బిగించేటోడు కావాలని అమూల్య మేడం షెడ్డు కాడికెల్లే జీపుల తోల్కొచ్చిండ్రు. బూట్లు లేకుంటే రానియ్యరంట, ఆడనే తొడిగిచ్చిండ్రు, ఫోన్లు గుంజుకున్నరు. నువ్వు కాగితాల మీద సంతకాలు పెడుతుంటివి. అవుగనీ బావా, నేను సూసే బిగించిన. నీ చెప్పులు లేకపాయె!"

"ఇడిచినరా, దేవుని తోడు!"

అమూల్య మొహం పాలిపోయింది. "పరీక్ష జరిగేచోట విడి వస్తువులు ఉండకూడదండీ. నేనే తీయించాను. తీరా నీళ్లలో వదిలాక చూస్తే కంప్యూటర్‌లో డెబ్బై కిలోలు ఎక్కువ చూపించింది. పైగా ఆ బరువు కదులుతోంది."

అప్పుడే ఎస్తేరు ఫోను. "తమ్ముడు చేరిండా?"

"చేరిండు. మంచిగున్నడు."

"నువ్వేడున్నవ్?"

మొక్కు గుర్తొచ్చింది. యేసయ్య జరిగింది జరిగినట్టు, చంద్రుడికి పోయే డబ్బాలో కూర్చుని క్వారీలో పడ్డ సంగతంతా చెప్పాడు.

"పట్టపగలే తాగినవా?" అంది ఎస్తేరు.

వారం తర్వాత కంపెనీ పరీక్షల పుస్తకం మళ్లీ అచ్చయింది. నూట నలభై పేజీల ఇంగ్లీషులో మొదటి వాక్యం ఒక్కటే తెలుగులో ఉంది: తలుపు మూసే ముందు చెప్పులు చూడవలెను.