అరలీటరు సీసాపై యశస్విని దండయాత్ర

వైశాఖ మాసమున, మధ్యాహ్న మార్తాండుడు నూజివీడు సీమపై పాత పగ తీర్చుకొనుచున్న వేళ, చిన్నరసాల భారమునకు కొమ్మలు వంగి నేలతో మంతనములాడుచుండగా, కాయల లారీలు రేపిన ధూళి దశదిశలను కమ్ముకొనుచుండగా, రెడ్డిగూడెం సెంటరులో ఆర్టీసీ బస్సనెడి రథమునుండి కూకట్‌పల్లి వాస్తవ్యురాలును, బాధ్యతాయుత పర్యాటక దీక్షాపరాయణయు, రాగిసీసా ధారిణియు అగు యశస్విని దిగెను. ఆమె వెనుక భర్త రాఘవేంద్ర దిగెను. ఆయనకు దీక్షలు లేవు, సూట్‌కేసులు మాత్రమే ఉండెను.

ఆమె పట్టిన వ్రతము సామాన్యమైనది కాదు. సొంత కారు ఎక్కరాదు. హోటలు ముఖము చూడరాదు. రైతు ఇంటనే దిగి, వారు వండినదే తిని, వారి తోట కాయలే కొని, ఆ ఊరికి నాలుగు రాళ్లు మిగులునట్లు మసలవలెను. అన్నిటికంటె ఘోరమైన నియమము, తిరిగి ఇల్లు చేరువరకు ప్లాస్టిక్ సీసాలోని నీటిచుక్క నాలుకకు తగలరాదు. ఈ సంగతి అపార్ట్‌మెంటు మహిళల మీటింగులో లేచి నిలబడి మరీ ప్రకటించియుండెను. "చూద్దాం లెండి అక్కా," అనెను సెక్రటరీ సాయి ప్రియ. ఆ 'చూద్దాం'లోని హాలాహలము నాటినుండి యశస్విని కంఠముననే నిలిచియుండెను.

రాగిసీసా మైలవరము దాటకుండగనే వట్టిపోయెను. మామిడి రైతు తిరుపతిరావు ఇంటి గడప తొక్కునప్పటికి ఆమె నాలుక వేయించని అప్పడమువలె అంగిటికి అతుక్కొనియుండెను.

అతిథులు ముందుగదిలో ఫ్యాను క్రింద ఆసీనులైన అనంతరము, గృహస్వామిని బుజ్జమ్మ నిండు ఆదరముతో శత్రుసేనను ట్రేలో పెట్టుకొని వచ్చెను. రెండు అరలీటరు సీసాలు! ఫ్రిజ్జునుండి అప్పుడే లేచినవి, స్వేదబిందు విరాజితములు, నీలకిరీట శోభితములు, సీలు చెదరని మహావీరులు. రాఘవేంద్ర శంఖము పూరింపకమునుపే ఓడిపోయెను. కటుక్కున మూత తిరిగెను. ఆయన గుటకలు వీధి చివరకు వినబడెను.

"తీసుకోమ్మా, చల్లగా ఉన్నాయి," అనెను బుజ్జమ్మ.

యశస్విని లేచి, చున్నీ సవరించుకొని, గంభీరస్వరమున పలికెను: "బుజ్జమ్మగారూ, ఈ నీళ్లు నేను నాలుగు గుటకల్లో తాగేస్తాను. ఈ సీసా మాత్రం మీరూ నేనూ పోయాక కూడా పోదండీ. మీ మామిడి వేళ్లకి చుట్టుకుంటుంది. మీ గేదె కడుపులో చేరుతుంది. ఎక్కడో సముద్రంలో తాబేలు గొంతుకి అడ్డం పడుతుంది. నాకు మీ కుండలో నీళ్లు చాలు."

బుజ్జమ్మ తాబేలు వరకు ఓపికగా వినెను. కుండ అనునప్పటికి ముఖము నల్లబడెను.

"బాగుంది వరస. మీటరు రీడింగు తీసే ఆయనొచ్చినా బాటిలే ఇస్తాం. మొన్న మా వియ్యపురాలికీ బాటిలే ఇచ్చాం. హైదరాబాదు నుంచి వచ్చిన మనిషికి కుండలో ముంచిచ్చానంటే ఊళ్లో ఏమనుకుంటారు? బుజ్జమ్మకి బాటిలు కొనే గతి లేదా అనరూ? అప్పుడు ఆ తాబేలొచ్చి సమాధానం చెప్తుందా?"

ఊరికి మేలు చేయ వచ్చి ఊరి ఇల్లాలి పరువు తీయుటయా? పరువు నిలిపి వ్రతము చెరుపుకొనుటయా? ఈ ధర్మసంకటమున యశస్విని కొట్టుమిట్టాడుచుండగా బుజ్జమ్మ వేళ్లు నీలకిరీటముపై పడెను. "ఉండు, నేను తీసిస్తా."

సరిగ్గా అప్పుడే, ముందుగదినుండి తిన్నగా కనబడు పెరటి వసారాలోకి ఎదురింటి దయామణి మునగాకు పట్టుకొని వచ్చెను. ఎవరినీ అడుగలేదు. ఆకు అరుగుపై పెట్టి, కుండలో గ్లాసు ముంచి, గటగట త్రాగి, గ్లాసు బోర్లించి, వచ్చిన దారినే పోయెను. ఎవరి పరువునకును గీటు పడలేదు.

యశస్వినికి కోట రహస్యము బోధపడెను. వీధి గుమ్మమున వచ్చినవారికి సీసా, పెరటి గుమ్మమున వచ్చినవారికి కుండ!

"కాళ్లు కడుక్కొస్తానండీ," అని మూత తిరుగకమునుపే ఆమె వీధిలోనికి దూకెను. ఇంటిని చుట్టుముట్టు మహాప్రస్థానమున, గడ్డివాము నీడనున్న గేదె తోకతో చేసిన ఖడ్గప్రహారమును తప్పించుకొని, పిల్లలకోడి ప్రకటించిన యుద్ధమున కుడికాలి చెప్పును బలియిచ్చి, చితికిన చిన్నరసపు పండుపై జారియు పడక, పెరటి వసారా చేరి, గ్లాసందుకొని కేక వేసెను.

"పిన్నీ, మంచినీళ్లు తాగుతున్నా."

బుజ్జమ్మ చేతిలో సీసాతోనే పరుగున వచ్చెను. "అదేంటమ్మా, అటునుంచొచ్చావ్?"

"ఇందాక మునగాకు తెచ్చినావిడకి బాటిలిచ్చారా పిన్నీ?"

"దయామణికెందుకు? మా మనిషి."

"నేనూ ఆవిడొచ్చిన దారినే వచ్చాను."

బుజ్జమ్మ ఆమె ఒంటికాలి చెప్పు చూచెను. చుడిదారు అంచున గడ్డి చూచెను. పెదవి కొరికి నవ్వు ఆపుకొనుటకు ప్రయత్నించి విఫలురాలయ్యెను.

"గ్లాసు నిండా ముంచుకో. ఆ సగం సగం ఏంటి?"

యశస్విని త్రాగెను. మరల ముంచి మరల త్రాగెను. గ్లాసు బోర్లించు లోపలనే ఒక పాతబట్టయు, ఆవకాయ కాయల గంపయు ఆమె ముందుకు వచ్చెను.

"ఎలాగూ వచ్చావుగా. తడి లేకుండా తుడిచిపెట్టు. తడుంటే బూజు పడుతుంది."

పెరటి దారిని వచ్చినవారికి కుండతోపాటు పనియు దక్కునను రెండవ రహస్యము ఆమెకు అప్పుడు బోధపడెను. వీధి గుమ్మపు అతిథి రాఘవేంద్ర ఫ్యాను క్రింద గురక పెట్టుచుండగా, ఆమె పొద్దువాలువరకు కాయలు తుడిచెను.

ఇవ్విధమున రెడ్డిగూడెం సమరమున, ఇరుపక్షముల పరువును నిలువగా, అరలీటరు సీసా యొకటి సీలు చెదరక ఫ్రిజ్జులోనికి వెనుదిరిగెను. భూగోళము ఆ మేరకు రక్షింపబడెను, వీధి గుమ్మమున మరియొక అతిథి వచ్చువరకు.