షుగరులో ఫస్ట్ ర్యాంకు

షుగరు జబ్బును మించిన వరం లేదు. ఒంట్లో షుగరు లేనివాళ్లను చూస్తే జాలేస్తుంది!

ముఖం చిట్లించకండి. కాస్త నిదానంగా ఆలోచించండి. దగ్గుకు మార్కులున్నాయా? నడుంనొప్పికి ర్యాంకుందా? తుమ్ముల్లో ఎవరు ఫస్టో ఎవరు సెకండో తేల్చే డాక్టరు ఇంకా పుట్టలేదు. షుగరొక్కటే అలా కాదు. వేలు చాపిన ప్రతి మనిషికీ, నువ్వేం చదువుకున్నావని అడక్కుండా, చీటీ మీద అంకె వేసి మరీ చేతిలో పెడుతుంది.

నమ్మకం కుదరకపోతే గుడ్డల మిల్లు వెనక సందులో బొంతలు కుట్టే పెద్దమ్మ కథ వినండి.

ఆ సందులోకి అరవై ఏళ్లలో డాక్టరనేవాడు ఒక్కసారే వచ్చాడు. అదీ దారి తప్పి! జనమంతా చుట్టూ మూగి ఒకేసారి నాలుకలు చాపేసరికి, బ్యాగు అక్కడే వదిలేసి వచ్చిన దారినే పరిగెత్తాడట. ఆ బ్యాగులో ఒక పిల్లి మూడు కాన్పులు కన్నది.

అలాంటి సందు చివర, మిల్లువాళ్ల పాత గోదాములో, పేదల ఆరోగ్య కేంద్రం వెలిసింది. మొదట ఒకే గది. తర్వాత అది విస్తరించింది. వేలు గుచ్చే గది, అవగాహన గది, ఫొటోల గది, రిపోర్టుల గది. మందుల గది కూడా ఉండేది గానీ, విస్తరణ ఎక్కువై బ్యానర్లకు చోటు చాలకపోవడంతో వాటిని అందులో సర్దారు. మందులకంటే బ్యానర్లు మేలు కదా! ఎక్స్‌పైరీ డేటుండదు.

అక్కడి నర్సమ్మ మంచి పిల్ల. కానీ రోజుకు రెండు వందల వేళ్లు గుచ్చాలని పైనుంచి ఆర్డరు. రెండు వందల వేళ్లంటే మాటలా? మాటలు కావు గనకే ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. గుచ్చడం, చీటీ మీద అంకె వేయడం, "తర్వాత" అనడం. అంతే.

మొదటి రోజున పెద్దమ్మ చీటీ పట్టుకుని ఇంటికొచ్చింది. ఆవిడ బడికి వెళ్లింది మొత్తం మూడు రోజులు. నాలుగో రోజు, అమ్మకు సూదిలో దారం ఎక్కించడానికి ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ దారం పట్టుకునే అరవై నాలుగేళ్లు దాటాయి. జీవితంలో ఆవిడకు ఎవరూ మార్కులు వేయలేదు. చీటీని అయిదో క్లాసు దాకా చదివిన కోడలికిచ్చింది.

"రెండు వందల ఎనభై ఆరు, అత్తా."

"ఎన్నింటికి?"

"ఎన్నింటికో రాయలేదు."

పక్క వాకిట్లో తాళాలు బాగుచేసే ముసలాయన కూడా చీటీ విప్పాడు. వరసకు పెద్దమ్మకు మరిది. ఆయనకు నూట నాలుగు. పెద్దమ్మ గుండె కరిగిపోయింది.

"ఏం మరిదీ, అంత తక్కువొచ్చింది? ఒంట్లో బాగాలేదా?"

పాపం, ఆయన నాలుగు రోజులు తలెత్తుకోలేదు. చేతిలో తాళం పెట్టినా తెరుచుకోలేదు. ఆయనే కాదు, ఆ సందులో వంద దాటనివాళ్లంతా తలమీద తువ్వాలు కప్పుకుని పెరటిదారిన తిరిగారు. తొంభై రెండు వచ్చిన ఒకాయన పెళ్లానికి ఆ సంగతి దాచిపెట్టి, చివరికి జ్వరంలో పలవరించి దొరికిపోయాడు. కుళాయి దగ్గర బిందెలు ర్యాంకుల వారీగా నిలబడ్డాయి. పిల్లకు రెండు వందల నలభై ఉంటే పిల్లాడికి నూట ఇరవయ్యేనని తెలిసి, మా స్థాయికి తగడంటూ ఒక సంబంధం వెనక్కి పోయింది!

వైద్యం ఒక్కటే చాలదు, పేదలకు చదువు కూడా కావాలని కేంద్రంవాళ్లకు తోచింది. ఎంత దూరాలోచన! అవగాహన మేడమ్ కారు దిగింది. గోడకు తెర కట్టించి గంటన్నర మాట్లాడింది. ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంది, లైఫ్‌స్టైల్ మాడిఫికేషన్ అంది, రిస్క్ ఫ్యాక్టర్స్ అంది. జనం బొమ్మల్లా కూర్చుని మర్యాదగా తలలూపారు. చివర్లో ఆవిడ నవ్వుతూ, "ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అందరూ షుగర్‌ని రెగ్యులర్‌గా మానిటర్ చేసుకోవాలి" అంది.

మానిటర్! గంటన్నరలో తెలిసిన మాట ఇదొక్కటే. బడి గడప తొక్కినవాళ్లలో ఎవరికి తెలియదు? ముందు బెంచీలో కూర్చునేది, అల్లరి చేసినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసేది మానిటరే కదా!

"షుగరుని మానిటర్ చేసుకోవాలట" అన్నాడు తాళాల మరిది, నీరసంగా. "అంటే మనలో ఎక్కువ షుగరున్న మనిషినేగా?"

తలలన్నీ పెద్దమ్మ వైపు తిరిగాయి. గోదాము దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తనకే అనుకుని మేడమ్ ఫొటో తీయించుకుంది.

మానిటరంటే అలంకారం కాదు, బాధ్యత. పెద్దమ్మ సందు మొదట్లో స్టూలు వేసుకుని, ఒళ్లో బొంత పరుచుకుని, వచ్చేపోయేవాళ్ల మార్కులు అడిగి తెలుసుకునేది. వెనకబడ్డవాళ్లకు టీలో రెండు చెంచాల పంచదార ఎక్కువ వేయించేది. గ్లాసు అడుగున కాస్త మిగిలినా మరిదిని వెనక్కి పిలిచేది. ఆయన ముక్కుతూ మూలుగుతూ నెల తిరిగేసరికి నూట ముప్పై ఒకటికి ఎక్కాడు. ఆవిడ ఆనందానికి హద్దు లేదు.

వరం అన్నాను కదా, ఇంకా ఉంది. ఒకరోజు కోడలు ఇల్లు తుడుస్తూ, పొయ్యి దగ్గర్నుంచి గుమ్మం దాకా ఎర్రటి చుక్కలు చూసింది. అత్త కాలు పట్టుకుని తిప్పి చూస్తే అరికాలిలో బొంతసూది దిగబడి ఉంది. బెజ్జంలో దారం కూడా అలాగే వేలాడుతోంది. ఎప్పుడు గుచ్చుకుందో పెద్దమ్మకు తెలియదు. నొప్పి లేదా అని కోడలు కంగారుపడితే, మానిటరును చూసి నొప్పి కూడా భయపడుతోందని ఆవిడ నవ్వింది.

సూది తీశారు. పుండు మానలేదు. పది రోజులకు చిటికెనవేలూ దాని పక్కవేలూ నల్లబడ్డాయి. పెద్దమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. కోడలు నవ్వడం మానేసింది. అత్త వద్దు వద్దంటున్నా వినకుండా తాళాల మరిది తోపుడుబండి ఎక్కించి, ఆయన చేతే కేంద్రానికి తోయించుకుంటూ తీసుకెళ్లింది.

నర్సమ్మ వేలు గుచ్చింది. ఈసారి మిషను అంకె చూపలేదు. రెండు ఇంగ్లీషు అక్షరాలు చూపింది. కోడలు వంగి కూడబలుక్కుని చదివింది.

"హెచ్చు... ఐ... హాయ్ అంటోందత్తా."

పెద్దమ్మ కొంగు సర్దుకుంది. మార్కులన్నీ అయిపోయి మిషనే పలకరిస్తుంటే ఎవరికి ఉండదు గర్వం?

నర్సమ్మ మాత్రం పాలిపోయింది. చీటీ రాయబోయి ఆగింది. వెనక లైనులో గొణుగుళ్లు మొదలయ్యాయి. కోడలు బల్లకు అడ్డంగా నిలబడింది.

"ఇంతకీ పాసో ఫెయిలో చెప్పు నర్సమ్మా. ఆరునెలల్నుంచి అంకెలేస్తున్నావు."

ఆరు నెలల్లో మొదటిసారి నర్సమ్మ చేతిలో సూది కింద పెట్టింది.

"ఎక్కువుండటం గొప్ప కాదు పెద్దమ్మా. నూట నలభై దాటకుండా ఉంటే మంచిది. నీది ఆరు వందలు దాటిపోయి మిషనే చేతులెత్తేసింది. ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్లకపోతే కాలు పోతుంది. ప్రాణం మీదికే రావచ్చు."

"అయితే ఇన్నాళ్లూ నేనేనా ఫస్టు..." అనబోయి, వదినె కాలు చూసి, తాళాల మరిది మాట మింగేశాడు.

పెద్దమ్మ నర్సమ్మ వైపు తిరిగింది.

"ఆ ముక్క మొదటి రోజే అనుంటే సరిపోయేది కదమ్మా."

"చీటీ మీద రాశాను కదా పెద్దమ్మా."

"అంకె వేశావు. మాట అనలేదు."

పెద్దాసుపత్రిలో ఇరవై నాలుగు రోజులు ఉంచారు. రెండు వేళ్లు తీసేశారు. కాలు దక్కింది. దక్కిన కాలితో పెద్దమ్మ తిన్నగా ఇంటికి రాలేదు. స్టూలు తెప్పించుకుని కేంద్రం గుమ్మంలో వేసుకుంది. మానిటరు పదవికి రాజీనామా ఎక్కడైనా ఉంటుందా?

చీటీతో బయటికొచ్చిన ప్రతి మనిషినీ ఆపి, నీది మంచిదా చెడ్డదా అని అడిగేది. తెలియదంటే భుజం పట్టుకుని మళ్లీ లోపలికి తిప్పేది. నర్సమ్మ చెప్పక తప్పేది కాదు. చెప్పాలంటే ఏం తింటున్నావో, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయో లేదో అడగాలి. అడిగితే వాళ్లు తమ కష్టమంతా చెబుతారు. అవగాహన మేడమ్‌ను కూడా మూడుసార్లు లోపలికి తిప్పాకే, "పంచదార తగ్గించండి, రోజూ అరికాళ్లు చూసుకోండి" అన్న రెండు ముక్కలు తెలుగులో బయటికొచ్చాయి. మందుల గదిలోని గుడ్డ బ్యానర్లన్నిటినీ పెద్దమ్మ బొంతలుగా కుట్టేసింది. ఖాళీ అయిన గదిలోకి, వేరే దారిలేక, మందులొచ్చాయి.

ఇంత ఘోరం జరుగుతుంటే పైవాళ్లు ఊరుకుంటారా? నర్సమ్మకు మెమో వచ్చింది. రోజుకు రెండు వందలుండాల్సిన వేళ్లు ముప్పైకి పడిపోయాయి, సంజాయిషీ ఇచ్చుకోమన్నారు. న్యాయమే! రిపోర్టు ఫారంలో గుచ్చిన వేళ్లకు గడి ఉంది, తీసిన ఫొటోలకు గడి ఉంది, వేసిన కుర్చీలకు కూడా గడి ఉంది. మాట్లాడిన మాటకు గడి లేదు. పోయిన వేళ్లకూ లేదు. గడి లేని పని చేస్తే తప్పు కాదూ?

నర్సమ్మ మెమో పట్టుకుని గుమ్మంలో పెద్దమ్మ పక్కన కూలబడింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఏంటి తల్లీ ఆ కాగితమని అడిగింది పెద్దమ్మ.

"నా అంకె పెద్దమ్మా. రెండు వందల నుంచి ముప్పైకి తగ్గిందట."

పెద్దమ్మ ఆమె తల నిమిరింది.

"తగ్గితే ఏడుస్తావేంటి పిచ్చిపిల్లా? నీకు నయమవుతోంది."