చిట్టమ్మ ముక్కు సాక్ష్యం

విశాఖలో సుఖంగా బతకాలంటే ముక్కు పనిచేయకూడదు. ఇది తిట్టు కాదు, దీవెన!

చిట్టమ్మకు ఆ దీవెన కరోనాలో దొరికింది. జ్వరం వారంలో తగ్గింది. వాసన మాత్రం తిరిగి రాలేదు.

"ముక్కుకేటీ అవనేదత్తా," అంది ల్యాబ్‌లో పనిచేసే కోడలు ఆశ. "వాసన పట్టే జీన్స్ అలాగే ఉన్నాయంట. వాటి రాతలో ఒక్క అక్షరం మారనేదు. వైరస్ గొడవలో మడత పడిపోయాయంట. మడత పడితే పన్సెయ్యవు."

"అంటే వలయితే ఉంది గానీ మడత ఇప్పనేదు."

"అంతే."

ఎంత హాయో చూడండి! మొగుడి చుట్ట కంపు లేదు. భీమిలి బస్సులో ఆమె చేపల గంపకు పక్కవాళ్లు ముక్కు మూసుకుంటే, "ఏటయిందర్రా మీకు?" అని నిజంగానే అడుగుతుంది. వాళ్ల జాలరివాడ పక్కన పారే గెడ్డలోకి ఊరి మురుగంతా వస్తుంది. పిల్లలు అన్నం ముందు కూర్చుని వాంతి చేసుకుంటున్నారు. చిట్టమ్మ ఆ గట్టు మీదే టీ తాగుతుంది. స్టార్ హోటల్లో కూడా ఇంత నిమ్మళం ఉంటుందా?

ఒక్కటే చిక్కు. ఫిషింగ్ హార్బర్ వేలంలో చేప మంచిదో కాదో తేల్చేది చిట్టమ్మ ముక్కే! నాలుగేళ్లుగా ఆమె మొప్ప ఎత్తి, కన్ను చూసి, వాసన పీల్చినట్టు నటిస్తోంది. ఆశకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే ఆమె మాటకు విలువేముంది?

గెడ్డ బాగుచేయమని వాడంతా కార్పొరేషన్‌కు అర్జీ పెట్టింది. ఆఫీసరుగారు వచ్చారు. కంపుకు రుజువు కావాలన్నారు.

"నువ్వు సెప్పు వదినా! నీ ముక్కుకి తిరుగునేదు," అంటూ పడవ నడిపే అర్జునరావు ఆమెను ముందుకు తోశాడు.

"చెప్పమ్మా, వాసన వస్తోందా?" అన్నారు ఆఫీసరుగారు, ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకునే.

చిట్టమ్మ ఆయన్ని చేపను చూసినట్టు చూసింది. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. నీళ్లు కారుతున్నాయి.

"జొరమొచ్చి నా ముక్కు పోయి నాలుగేళ్లయింది బాబూ," అంది. వాడంతా నోరు తెరిచింది. "నాను సెప్పలేను. నీ ముక్కు బాగుంది కదా, ఆ గుడ్డ తీసీసి నువ్వే రాసుకో."

ఆయన గుడ్డ తీయలేదు. కారెక్కి, అద్దాలెత్తి, ఏసీ వేసుకుని రాశారు: "స్థానికులకు వాసన తెలియడం లేదు. చర్య అనవసరం."

మర్నాడు వేలంలో చిట్టమ్మకు ఒక్కరూ చేప చూపించలేదు.

అయ్యా, వైరస్‌ను ఎందుకండీ తిట్టడం? లోకాన్ని గడగడలాడించిన ఆ జీవి ఈ వాడలో మూసింది ఒక్క ముక్కే. ఆఫీసరుగారు ఒక్క సంతకంతో వాడలోని నాలుగొందల ముక్కులూ మూసేశారు!