అటకెక్కిన పాటలు

వ్యాపారం మొదలుపెట్టిన రోజున నా చేతిలో ఉన్న సరుకేమిటో చెబుతాను, వినండి. ఒక ఇరుకు దుకాణం, దాని నిండా జానపద గీతాల రికార్డులు, వాటిని మోగించడానికి ఇంట్లో ఒక రికార్డు ప్లేయరు, పాటకీ రైలు చప్పుడుకీ తేడా తెలియని రెండు చెవులు, ఒక భార్య. ఇందులో లాభం తెచ్చేది ఏదో అప్పట్లో నాకు తెలియదు.

అంతకుముందు గొడుగులమ్మేవాణ్ణి. గొడుగు మంచిదో కాదో వాన చెబుతుంది. పాట సంగతి ఎవరు చెబుతారు? దుకాణం నాకు అమ్మేసి వెళ్తున్న పెద్దాయన, తాళంచెవి నా చేతిలో పెడుతూ ఒక్కటే మాట అన్నాడు. "నాయనా, వచ్చినవాడల్లా ఏది బాగుంటుందని అడుగుతాడు. చెప్పగలిగితే బతుకుతావు."

అన్నట్టే అడిగారు. మా వీధిలో ఒక డ్రాయింగు మాస్టారు ఉండేవాడు. వాన వచ్చినా, రాకపోయినా సణుగుతాడని ఆయన్ని సణుగుడు మాస్టారు అనేవాళ్లం. "పడవ పాటల్లో ఏది బాగుంటుందయ్యా?" అన్నాడు. నేను అట్టల మీద బొమ్మలు చూసి, పడవ పెద్దగా ఉన్నది ఇచ్చాను.

మర్నాడు తెచ్చి బల్ల మీద పడేశాడు. "పడవ పెద్దదేనయ్యా. పాటే మునిగింది."

ఆ సాయంత్రం దిగులుగా ఒక రికార్డు ఇంటికి పట్టుకెళ్లి పెట్టాను. మా ఆవిడ గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. కాసేపటికి చూద్దును కదా, కాయ చిట్లే చప్పుడు పాట దరువులో కలిసిపోయింది. చిటుక్కున కాయ, జలజలా గింజలు, మళ్లీ చిటుక్కున కాయ. ఆవిడకా సంగతే తెలియదు. ఆ రికార్డే మర్నాడు మాస్టారికిచ్చాను. ఆయన తిరిగొచ్చి, ఏమీ సణగకుండా ఇంకొకటి అడిగాడు. మా వీధిలో ఆ రోజుకి అదే వార్త.

నాకు తరాజు దొరికింది!

ఇక రోజూ అదే పని. ఒక రికార్డు ఇంటికి తేవడం, పేపరు చాటున కూర్చుని మా ఆవిడ చేతుల్ని కనిపెట్టడం. బట్టలు మడతపెట్టే చేయి దరువు అందుకుంటే, 'తప్పక వినవలసినది' అని చీటీ రాసి అట్టకు అంటించి దుకాణంలో ముందు వరసలో పెట్టేవాణ్ణి. గిన్నె మీద మూత ధనామని పడిందా, అది పనికిమాలినది. దుకాణంలో చోటు దండగని ఇంట్లోనే అటక మీదికి తోసేవాణ్ణి. బజారంతా నన్ను 'చెవిగారు' అనడం మొదలుపెట్టింది. చెవులు నావి, వినికిడి ఆవిడది. ఈ సంగతి చెబితే వాటా అడుగుతుందని చెప్పలేదు.

ఆవిడ అప్పుడప్పుడు అడిగేది.

"ఏవండీ, నిన్నటి తిరగలి పాటల రికార్డేదీ?"

"అమ్ముడుపోయింది."

"మొన్నటి జోలపాటలు?"

"అదీ అంతే."

"మనింట్లో మంచిదొక్కటీ నిలవదేం?"

"వ్యాపారస్తుడి ఇల్లు రేవులాంటిదే. సరుకు వస్తుంటుంది, పోతుంటుంది."

"మరి నేనొక్కదాన్నీ ఎలా నిలిచానో!" అని లోపలికి వెళ్లిపోయింది.

దాన్ని నేను హాస్యం ఖాతాలో వేశాను. నా లెక్క తప్పింది అక్కడే.

ఏళ్లు గడిచాయి. వ్యాపారం సాగుతూనే ఉంది గానీ రెండు చిక్కులొచ్చాయి. ఒకటి, మాస్టారు మళ్లీ సణగడం మొదలుపెట్టాడు. "నీ చీటీలు నమ్మి కొంటుంటే, ఈమధ్య అన్నీ గోలేనయ్యా" అనేవాడు. వయసు మీదపడి చెవులు మందగించాయి కాబోలనుకున్నాను. రెండోది, ఇంట్లో ప్లేయరు సూది ఊరికే అరిగిపోయేది. సూదులమ్మేవాడితో పోట్లాడితే, "పగలంతా మోగిస్తే అరగదా అయ్యా?" అన్నాడు. "నేను పెట్టేది సాయంత్రం ఒక్కటేనయ్యా!" అని వాడి మీద కేకలేసి వచ్చాను.

ఇంతలో ఎదురుగా క్యాసెట్ల దుకాణం వెలిసింది. కొనేవాళ్లు వీధికి ఆ పక్కనే ఆగిపోతున్నారు. నా అట్టల మీద పడవలూ, గొర్రెల మందలూ ఎండకు వెలిసిపోతున్నాయి. మళ్లీ గొడుగులకు పోవలసిందేనా అనుకుంటున్న రోజుల్లో రేడియో ఆయన వచ్చాడు. మనిషి సన్నం, గొంతు లావు.

"చెవిగారంటే మీరేనా? వారానికొక జానపద రికార్డు పరిచయం చేద్దామనుకుంటున్నాం. ఎంపిక మీది. మీ పేరూ, మీ దుకాణం పేరూ ప్రతివారం చెబుతాం. ఆదివారం మీ ఇంటికొస్తాను. మొదటి వారానికి మీకన్నిటికంటే నచ్చింది వినిపించండి. కుదిరితే మొదలుపెడదాం."

కుదిరితే దుకాణం ఉంటుంది. కుదరకపోతే గొడుగులే.

శనివారం సాయంత్రం మా ఆవిడ ముందు బుట్టెడు బఠాణీలు పోశాను.

"ఇన్నెందుకండీ?"

"చవగ్గా వచ్చాయి."

మూడు రికార్డులు పెట్టాను. మొదటిదానికి మూత ధనామంది. రెండోదానికి కిటికీ తలుపు పడింది. మూడోదానికి మాత్రం ఆవిడ కాయలు చిటపటలాడించేసింది. తల కూడా ఊపింది. తల ఊపడం అదే మొదటిసారి! నేను రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆదివారం రేడియో ఆయన వచ్చాడు. పిలవకపోయినా సణుగుడు మాస్టారు వచ్చాడు. నేను రికార్డు పెట్టి, ముందుగానే కళ్లు మూసుకుని, "వినండి, మట్టివాసన!" అన్నాను.

డప్పులు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. వాటి మీద ఎవరో కేకలు. పక్కింటి కుక్క ఏడుపందుకుంది. ఎదురింటి పసివాడు లేచి ఆ కుక్కకు వంత పాడాడు. మాస్టారి కప్పులో టీ ఆయన ఒళ్లోకి దిగింది.

"ఇది మట్టివాసన కాదయ్యా, మట్టి లారీ బోల్తాపడ్డ చప్పుడు" అన్నాడు మాస్టారు.

"ఇంకేదైనా..." అన్నాడు రేడియో ఆయన మర్యాదగా.

దుకాణం ముందు వరసలో నుంచి తెచ్చినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి పెట్టాను. అన్నిటికీ చీటీలున్నాయి. అన్నీ ఆ లారీ వెనకాలే వచ్చిన లారీలు. వంటింట్లోకి తొంగిచూస్తే మా ఆవిడ గరిటెతో ప్రతిదానికీ చక్కగా దరువేస్తోంది.

రేడియో ఆయన లేచాడు. "పేరు పెద్దగా విని వచ్చానండీ" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఒక కాలికి చెప్పు తొడుక్కున్నాడు.

అప్పుడు వంటింట్లో కప్పులు కడుగుతూ మా ఆవిడ ఏదో కూనిరాగం తీసింది. ఏమరుపాటున తీసిందనే నేనిప్పటికీ అనుకుంటాను. మీకు ఎలా తోస్తే అలా అనుకోండి.

రేడియో ఆయన రెండో కాలు గాల్లోనే ఆగింది. "అమ్మా, ఆ పాటెక్కడిది?"

"అటక మీదిదండీ."

"ఆ చెత్తలోదా?" అన్నాన్నేను.

మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "చెత్త ఇప్పటిదాకా మీరు వినిపించారుగా."

"అదేమిటే? నీకు నచ్చినవే తెచ్చాను! నువ్వు తాళం వేసినవే!"

"తాళం వేస్తే ఇంట్లో సొమ్ము నిలవాలి. మనింట్లో నేను తాళం వేసిందల్లా మర్నాటికి మాయమయ్యేది. తిరగలి పాటలు పోయాయి, జోలపాటలు పోయాయి. పేపరు చాటున మీ కళ్లెక్కడున్నాయో అప్పుడు కనిపెట్టాను. అప్పట్నుంచీ ఇంట్లోంచి పోవాల్సినవాటికే తాళం వేశాను."

"మరి మూతలు?"

"ఉండాల్సినవాటికి."

మాస్టారు నవ్వగా చూడటం నా జీవితంలో అదే మొదటిసారి.

నిచ్చెన వేసి అటక ఎక్కాను. దుమ్ము లేదు. ఒక్కొక్క రికార్డుకీ పాత చీర గుడ్డతో కుట్టిన తొడుగు. సూదులు వేటి మీద అరిగాయో తెలిసింది. ఆవిడ చెప్పిన రికార్డు కిందికి తెచ్చి పెట్టాను.

ముందు సూది గీరుకునే చప్పుడు. తర్వాత ఒక ముసలావిడ గొంతు. వాయిద్యం లేదు. ఏదో పనిచేసుకుంటూ పాడుతోంది. నడుమ దగ్గింది. "ఆ తలుపు దగ్గరగా వెయ్యి" అని ఎవరికో చెప్పి, వదిలిన చోటే మళ్లీ అందుకుంది.

మా అమ్మ గుర్తొచ్చింది. కిటికీ పక్కన మిషను మీద గొడుగుల గుడ్డ కుడుతూ పాడేది. నడుమ ఆపి, "ఒరే, ఆ నల్లదారం అందుకో" అని, వదిలిన చోటే మళ్లీ అందుకునేది. చక్రం తిరిగే చప్పుడే ఆవిడకు వాయిద్యం. దారం ఇచ్చి పారిపోకుండా, ఆ నల్లగుడ్డల కుప్ప మీదే పడుకుని నిద్రపోయేవాణ్ణి. ఇదే రికార్డు ఏళ్ల కిందట మా ఇంట్లో మోగింది. ఆ పూట నేను విన్నది మూత చప్పుడు.

పాట అయిపోయింది. కుక్క కూడా ఊరుకుంది. ముందు రేడియో ఆయనే తేరుకున్నాడు. "చెవిగారూ, గట్టివారే! పైకి చెత్త చూపించి, అసలు సరుకు అటక మీద దాచారన్నమాట!"

"అదీ... వ్యాపార రహస్యం..." అని మొదలుపెట్టాను.

ఆవిడ ఎప్పుడు లోపలికి వెళ్లిందో, వంటింట్లో మూత ధనామంది.

"ఎంపిక మా ఆవిడదండీ" అన్నాను.

"ఈ రికార్డు రేడియో స్టేషనుకి తీసుకెళ్లవచ్చా?" అన్నాడాయన. తీసుకెళ్లండి అనడానికి నా నాలుక అలవాటుగా లేచింది. మా ఆవిడ వచ్చి రికార్డు మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ చేతిని చూశాను. చూడటం నాకు బాగా అలవాటు కదా.

"ఇది అమ్మకానికీ, అరువుకీ లేదండీ" అన్నాను.

"మీ రికార్డింగు మిషను ఇక్కడికే తెచ్చి పాట ఎక్కించుకోండి" అంది ఆవిడ. "ఏ వారానికి ఏదో నేను చెబుతాను. ఈయన నిచ్చెన ఎక్కుతారు."

అలాగే జరిగింది. రేడియోలో వచ్చిన పాటల కోసం జనం వీధి దాటి ఇవతలికి వచ్చారు. కంపెనీకి రాసి కొత్త ప్రతులు తెప్పించి అమ్మాను. చీటీల మీద మాటలు ఆవిడవి, రాత నాది. మాస్టారు ప్రతివారం వచ్చి ఆవిడ చీటీ ఉన్నవే కొనేవాడు. నేనేదైనా చూపిస్తే, "ఇది నువ్వు విన్నదా, ఆవిడ విన్నదా?" అనేవాడు.

ఒక సాయంత్రం కొత్త రికార్డు తెచ్చి పెట్టాను. పేపరు చాటు లేకుండానే కూర్చున్నాను. ఆవిడ బఠాణీల బుట్ట పక్కకు జరిపి, రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుంది. "ఇవాళ మీరు చెప్పండి."

చూడటానికి చేతులు లేవు. గత్యంతరం లేక పాట విన్నాను. ఎవరో మేకలు కాసుకునే ఆయన, సాయంత్రంపూట ఒక్కొక్క మేకనీ పేరుపెట్టి పిలుస్తున్నాడు. ఒకటి మాత్రం పలకడం లేదు. దాన్నే మళ్లీ మళ్లీ పిలుస్తున్నాడు. అది వచ్చిందో లేదో అన్న ఆత్రంలో పడి నన్ను నేను మరిచిపోయాను. పాట ఆగాక చూస్తే, కుర్చీ చేతి మీద దరువేస్తున్నది నా వేళ్లే.

ఆవిడ లేచి, రికార్డు తీసి గుడ్డ తొడుగులో పెట్టింది. నిచ్చెన వైపు చూసింది.

"అదేమిటే, మర్నాటికి అమ్ముడుపోయే సరుకు!"

"అందుకే" అంది.

ఇప్పుడా దుకాణం లేదు. క్యాసెట్ల దుకాణమూ లేదు. ఆఖరి లెక్క చెప్పమంటే ఇదీ: ప్లేయరు మిగిలింది, అటక నిండింది, నిచ్చెనకు రెండు మెట్లు విరిగాయి. భార్య మొదట్లో ఉన్నట్టే ఉంది, మూత ఆవిడ చేతిలోనే ఉంది. ఇక చెవుల విషయమంటారా, నాకు ఒకటి పూర్తిగా వచ్చిందనీ, రెండోది కుదురుకోవడానికి ఇంకా టైము పడుతుందనీ మా ఆవిడ అంచనా.